మోడు చిగురించడం, మనిషి మారడం

కంచికచర్ల దగ్గర హైవే దిగి చెవిటికల్లు మీదుగా కృష్ణ ఒడ్డుకు వెళ్తుంటే పత్తి, మిరప చేల మధ్య సుబాబుల్ తోటలు కనిపిస్తాయి. చెవిటికల్లు పేరు రాష్ట్రమంతా విన్నది 2021 ఆగస్టులో. అప్పుడు కృష్ణకు ఒక్కసారిగా వరద పెరిగి, ఇసుక కోసం ఏట్లో దిగిన లారీలు వందకు పైగా చిక్కుకుపోయాయి. మిగతా రోజుల్లో ఆ ఊరి చుట్టుపక్కల మాటలన్నీ మిరప ధర, పత్తి తేమ, సుబాబుల్ టన్ను రేటు మీదే నడుస్తాయి. నందిగామ, జగ్గయ్యపేట మెట్టలో కూలీ ఖర్చు భరించలేని రైతు, ఊళ్ళో ఉండలేని రైతు ఎక్కువగా ఈ చెట్టునే నమ్ముకున్నారు.

దీని సుగుణం ఒకటుంది. మూడు నాలుగేళ్ళకోసారి తోటను మొదలంటా నరికి కర్రను కాగితం మిల్లుకు తోలేస్తారు. చేలో జానెడు మోళ్ళు తప్ప ఏమీ మిగలవు. నాలుగు చినుకులు పడ్డాయా, ప్రతి మోడు చుట్టూ గుత్తులు గుత్తులుగా పిలకలు లేస్తాయి. ఎవరూ విత్తనం వేయరు, మొక్క నాటరు. రైతు చేసేదల్లా బలమైన రెండు మూడు పిలకల్ని ఉంచి తక్కినవి విరిచేయడమే.

అదే గట్టు మీద తాడిచెట్టు ఉంటుంది. దాని మొవ్వు కొట్టేస్తే ఏమవుతుందో ఊళ్ళో పిల్లల్ని అడిగినా చెబుతారు: చెట్టు చస్తుంది. సుబాబుల్‌ను పాదం దాకా నరికినా బతుకుతుంది. ముప్ఫై అడుగుల తాడికి నెత్తిన ఒక్క దెబ్బ చాలు. ఇంటి గోడ మీది బల్లికి తోక మొలుస్తుంది, కంచె మీది తొండకు మొలవదు. మనిషికి గీసుకుపోయిన చర్మం వస్తుంది, తెగిపోయిన వేలు రాదు. ఎవరికి ఈ వరం దక్కింది, ఎవరికి దక్కలేదు, ఎందుకు?

ఈ ప్రశ్నకు తోడు ఇంకొకటి ఉంది. మన పల్లెల్లో ఆదివారం ప్రార్థనలో, వేసవిలో జరిగే సప్తాహంలో, టీవీ ప్రవచనంలో కూడా మళ్ళీ పుట్టడం గురించి వింటాం. చిగురించిన మోడునో, రెక్కలొచ్చిన గొంగళిపురుగునో సాక్ష్యంగా చూపిస్తారు. వినడానికి బాగుంటుంది. కానీ ఆ సాక్ష్యం చెల్లుతుందా? శరీరం తిరిగి మొలిపించుకోవడం, మనిషి లోపల మారడం ఒకే పనా? ముందు మోడు దగ్గర మొదలుపెడదాం.

బెరడు కింద నిద్రపోతున్న కళ్ళు

సుబాబుల్ మోడు మీద మొలిచే పిలకలు కొత్తగా పుట్టినట్టు కనిపిస్తాయి. చాలామటుకు అవి పాతవే. మొక్క చిన్నగా ఉన్నప్పుడు ప్రతి ఆకు మొదట్లో ఒక మొగ్గ పడుతుంది. వాటిలో కొన్ని కొమ్మలవుతాయి. ఎక్కువ భాగం ఎదక్కుండా అలాగే ఉండిపోతాయి. కాండం ఏటా లావెక్కుతుంటే ఆ మొగ్గ కూడా ఏటా కొద్ది కొద్దిగా బయటికి జరుగుతూ, బెరడుకు కాస్త లోపల ప్రాణంతో నిలబడుతుంది. చెట్టు నిలువునా ఇలాంటి నిద్రకళ్ళు ఉంటాయి.

వాటిని నిద్రపుచ్చేది చెట్టు కొస. పైనున్న చిగురు ఆక్సిన్ అనే రసాయనాన్ని తయారుచేసి కిందికి పంపుతుంది. ఆ సంకేతం అందుతున్నంతకాలం కింది మొగ్గలు కదలవు. కొస తెగితే సంకేతం ఆగుతుంది, మొగ్గలు లేస్తాయి. బడి పుస్తకాల్లో ఇంతవరకే చెబుతారు. 2014లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు బఠానీ మొక్కల మీద చేసిన పరిశీలనలో మరో సంగతి బయటపడింది. కొస తుంచగానే, ఆక్సిన్ తగ్గుదల కింది మొగ్గను చేరకముందే, చక్కెర వచ్చి చేరుతోంది. వేగంగా పెరిగే కొస ఇన్నాళ్ళూ చక్కెరనంతా తనవైపు లాక్కుంటోంది. అది పోయేసరికి ఆ తిండి కింది మొగ్గలకు మళ్ళింది. మొదటి కదలిక ఆ తిండి వల్లే. అంటే పెద్దవాడి ఆజ్ఞ ఎత్తేయడం ఒక్కటే చాలదు, అతను తింటున్న వాటా కూడా చిన్నవాళ్ళకు దక్కాలి.

సుబాబుల్ మోడుకు ఆ తిండి వేరులోంచి వస్తుంది. మూడేళ్ళ చెట్టు వేళ్ళలో పిండి పదార్థం దండిగా నిలవ ఉంటుంది. పైన ఒక్క ఆకు లేకపోయినా కొన్ని వారాలపాటు పిలకల్ని పోషించేది అదే. అందుకే మొదటి ఏడాది పిలక ఎదిగినంత జోరుగా విత్తన మొక్క ఎదగదు. విత్తన మొక్క వేరు వేసుకోవాలి, పిలకకు వేరు సిద్ధంగా ఉంది.

జామాయిల్ కూడా ఇలాగే పిలకేస్తుంది. కోస్తా ఇసుక నేలల్లో వేసే సరుగుడు మాత్రం నరికితే సరిగా లేవదు, మళ్ళీ నారు కొని నాటాల్సిందే. కాగితం మిల్లుకు మూడూ ఒకటే, రైతు ఖర్చుకు మాత్రం కాదు.

▣ మోడు బతకాలంటే
*నరుకుడు నేలకు మరీ ఆనకుండా జానెడు ఎత్తున ఉండాలి. నిద్రకళ్ళున్న బెరడు కొంతైనా మిగలాలి. కోత నున్నగా, ఏటవాలుగా ఉంటే నీరు నిలవదు, మోడు కుళ్ళదు. గొడ్డలి దెబ్బకు బెరడు మొదలంటా చీలిపోతే పిలకలు తగ్గుతాయి. లేచిన పిలకలన్నీ వదిలేస్తే ఏదీ లావెక్కదు. పిలకల్ని పశువులు పదే పదే కొరికేస్తుంటే వేరులో నిలవ పిండి కరిగిపోయి మోడు చివరికి చస్తుంది.*

తాడికి ఎందుకు లేదు

తాడికి ఒక్కటే మొగ్గ, అది నెత్తిన ఉంటుంది. మొవ్వంటే అదే. కాండం పొడవునా ఎక్కడా నిద్రకళ్ళు లేవు. సుబాబుల్‌కు, వేపకు బెరడు కింద పచ్చిగా ఒక పొర ఉంటుంది. ఏటా కాండాన్ని లావు చేసేదీ, గాయం చుట్టూ పెదవిలా పెరిగి మూసేదీ ఆ పొరే. తాడి, కొబ్బరి, ఈతలకు ఆ పొర లేదు. తాడి మొదట్లో ఒకసారి లావు కుదురుకుందంటే ఇక అంతే, ఆపైన పొడుగే.

దీనికి రుజువు చూడాలంటే కల్లు గీసే ఈతచెట్టు దగ్గరికి వెళ్ళండి. ఏ ఏడాదికి ఆ ఏడాది మెడ దగ్గర చెక్కిన గాట్లు ఇటొకటి అటొకటిగా మెట్లలా కాండం మీద ఉంటాయి. పదేళ్ళ కిందటి గాటు కూడా అప్పుడెంత లోతుందో ఇప్పుడూ అంతే లోతు. వేపచెట్టు మీద అంత గాటు పెడితే కొన్నేళ్ళకు పూడిపోయి వెతుక్కోవాల్సి వచ్చేది. ఈతకు గాయం మానదు. చెట్టు దాన్ని మోస్తూ పైకి పెరుగుతుంది.

ఇక్కడ తేలిన సూత్రం జంతువులకూ పనికొస్తుంది: తిరిగి మొలవడం ఎంత తెగిందన్న దాన్ని బట్టి ఉండదు. ఏం మిగిలిందన్న దాన్ని బట్టి ఉంటుంది.

ట్యూబులైటు పక్కన బల్లి

రాత్రి ట్యూబులైటు దగ్గర పురుగుల కోసం చేరే బల్లుల్ని కాస్త నిదానించి చూస్తే వాటిలో ఒకదాని తోక తేడాగా కనిపిస్తుంది. మొదట్లో గరుకుగా, కట్లు కట్లుగా ఉన్న తోక ఒక చోట హఠాత్తుగా నున్నబడుతుంది. రంగు మారి, కొస మొద్దుబారి ఉంటుంది. ఆ గీత దాకా పుట్టుకతో వచ్చిన తోక, అక్కణ్ణించి మళ్ళీ మొలిచింది.

బల్లి తోక ఎక్కడ పడితే అక్కడ తెగదు. తోక వెన్నుపూసల్లో ఒక్కో పూస నడిమికి విరగడానికి వీలుగా ముందే ఒక సందు ఉంటుంది. పిల్లి పట్టుకోగానే బల్లి అక్కడి కండరాల్ని బిగించి తానే విరిచేసుకుంటుంది. రక్తనాళాలు వెంటనే ముడుచుకుంటాయి, రక్తం పెద్దగా పోదు. తెగిన ముక్క నిమిషాలపాటు ఎగిరెగిరి పడుతూ పిల్లిని ఆకట్టుకుంటుంది. ఈలోగా బల్లి తలుపు వెనక చేరుతుంది.

తరవాత గాయం మీదికి పక్క చర్మం పాకి కప్పుతుంది. దాని కింద కణాలు గుమిగూడి విభజన మొదలుపెడతాయి. కొన్ని వారాల్లో తోక వస్తుంది. కానీ అందులో వెన్నుపూసలుండవు. వాటి బదులు మెత్తటి మృదులాస్థి గొట్టం ఒకటే ఉంటుంది. పూసలు లేవు కాబట్టి విరిగే సందులూ లేవు. ఇంకోసారి ప్రాణం మీదికొస్తే బల్లి ఇంకా పైన, పాత తోకలో విరగాలి. అంటే ఇది తోకకు బదులు తోక, ఆ తోకే కాదు. పైగా తోకలో దాచుకున్న కొవ్వు పోయింది, మళ్ళీ కూడబెట్టుకోవాలి.

తొండకు ఈ ఏర్పాటు లేదు. దాని తోక పూసల్లో సందులుండవు, తెగితే మొండిగానే ఉండిపోతుంది. గడ్డివాముల దగ్గర తిరిగే నలికిళ్ళపాముకు మాత్రం తోక వస్తుంది. పొలం గట్టు బొరియలో ఎండ్రకాయకు డెక్క పోతే మరుసటిసారి పెంకు విడిచినప్పుడు చిన్న డెక్క కనిపిస్తుంది, రెండు మూడు పెంకులు మారేసరికి పెద్దదవుతుంది. తోకకప్ప తోక కోస్తే వస్తుంది. అదే పెరిగి కప్పయ్యాక కాలు కోస్తే రాదు. ఒకే ప్రాణి ఒక వయసులో చేయగలిగి, ఇంకో వయసులో చేయలేకపోవడం నన్ను బల్లి కంటే ఎక్కువ ఆశ్చర్యపరుస్తుంది.

మరిచిపోయే కణాలు

ఈ విద్యలో ఆరితేరింది సాలమాండర్. మన దేశంలో ఈశాన్య హిమాలయ కొండల్లో తప్ప ఈ జాతి లేదు కాబట్టి తెలుగులో దానికి వాడుక పేరు లేదు. బల్లిలా ఉంటుంది గాని కప్పకు దగ్గరి చుట్టం. 1768లో ఇటలీ మతాచార్యుడు, ప్రకృతి శాస్త్రజ్ఞుడు స్పల్లాంజానీ దాని కాలు, తోక కోస్తే ఎముకతో సహా మళ్ళీ వస్తున్నాయని రాశాడు. బల్లి తోకలా బదులు సరుకు కాదు, అసలు సరుకే. మెక్సికోకు చెందిన ఆక్సొలోటల్ అనే సాలమాండర్‌కు మోచెయ్యి దగ్గర కోస్తే ముంజెయ్యి, వేళ్ళు వస్తాయి. మణికట్టు దగ్గర కోస్తే వేళ్ళే వస్తాయి, రెండో మోచెయ్యి రాదు. ఎక్కడ తెగిందో మిగిలిన భాగానికి తెలుసు.

జరిగేదిది. కోసిన కొన్ని గంటల్లోనే చర్మపు పలుచటి పొర గాయాన్ని మూసేస్తుంది. దాని కింది కణాలు తమ పని మానేస్తాయి. చర్మం కింద దట్టంగా పీచు తయారుచేసే కణం ఆ పని మానేస్తుంది. కొన్ని జాతుల్లో కండరపు కణం కూడా తన కండరపుతనం విడిచి, పిండదశలో ఉన్నంత లేతగా మారుతుంది. అలాంటి కణాలన్నీ ముద్దగా చేరి, నరాల నుంచి వచ్చే ప్రోత్సాహంతో పెరుగుతాయి. నరం తీసేసి చూస్తే కాలు రాదు, ఈ సంగతి పంతొమ్మిదో శతాబ్దంలోనే తెలిసింది.

ఆ ముద్దలో కణాలు అన్నీ మరిచిపోతాయని, దేనికైనా పనికొస్తాయని చాలాకాలం అనుకున్నారు. 2009లో జర్మనీలో ఎల్లీ తనకా బృందం ఆక్సొలోటల్ కణాలకు మెరిసే గుర్తు పెట్టి వెంబడించింది. కండరం నుంచి వచ్చిన కణం మళ్ళీ కండరమే అయింది. నరాల చుట్టూ ఉండే కణం మళ్ళీ అక్కడికే చేరింది. అవి వృత్తి మానేశాయి గాని వంశం మరిచిపోలేదు.

ఆధ్యాత్మిక ఉపన్యాసాల్లో ఈ కణాన్ని ఇంకా ఎవరూ వాడుకోలేదెందుకో. అహం వదిలితేనే కొత్త పుట్టుక అని చెప్పేవాళ్ళకు ఇంతకంటే అందమైన దృష్టాంతం దొరకదు. ఒక చిక్కుంది మరి. ఆ కణం అంత త్యాగం చేసేది తిరిగి పాత కాలునే పొల్లుపోకుండా కట్టడానికి.

పురాణాల్లో రక్తబీజుడి నెత్తుటి చుక్క నేలపడితే ఇంకో రక్తబీజుడు లేస్తాడు. ప్లనేరియా అనే నీటి పురుగు ఇంచుమించు అంత పనీ చేస్తుంది, ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఒక్కో పురుగవుతుంది. కానీ ఆ ముక్కకు ఎక్కడ ఆగాలో తెలుసు. ఆగడం తెలియని రక్తబీజుడు మన ఒంట్లో లేస్తే దాన్ని క్యాన్సర్ అంటాం.

మనకు మిగిలింది

మనం ఈ వరం పూర్తిగా పోగొట్టుకోలేదు. పేగు లోపలి పొర కొద్ది రోజులకోసారి మారిపోతుంది. పైచర్మం నెలా నెలన్నరలో, ఎర్ర రక్తకణం 4 నెలల్లో కొత్తదవుతుంది. కాలేయంలో సగానికి మించి దానమిచ్చినా మిగిలింది కొన్ని నెలల్లో దాదాపు మునుపటి బరువుకు పెరుగుతుంది. కోసిన ముక్క చోట కొత్త ముక్క మొలవదు, ఉన్న ముక్కే లావెక్కుతుంది. చిన్నపిల్లల వేలి కొస గోరు మొదలుకు ఇవతల తెగితే, కుట్లు వేయకుండా శుభ్రంగా కట్టు కట్టి ఉంచితే, గోరుతో సహా వస్తుందని 1974లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నుంచి డాక్టర్ ఇల్లింగ్‌వర్త్ రాశారు. గోరు మొదలు మిగలడమే అక్కడ షరతు.

గుండె కండరం విషయంలో మనం తాడిచెట్టుకు దగ్గర. 1950, 60లలో అణుబాంబు పరీక్షల వల్ల గాలిలోకి చేరిన కార్బన్ ఆధారంగా కణాల వయసు లెక్కగట్టే పద్ధతి ఒకటి స్వీడన్‌లో కనిపెట్టారు. దాన్నిబట్టి 2009లో తేలిందేమంటే, పాతికేళ్ళ వయసులో గుండె కండర కణాల్లో ఏడాదికి నూటికి ఒకటి కొత్తదవుతుంది, ముసలితనంలో అంతకూడా కాదు. అందుకే గుండెపోటు మచ్చ జీవితాంతం ఉంటుంది.

మచ్చ ఎందుకు? మన ఒళ్ళు వెచ్చన, గాయంలో సూక్ష్మజీవులు పెరగడానికి వీలు. తెరిచి ఉంచి నిదానంగా కాలు కట్టుకునే తీరిక లేదు. వెంటనే పీచు కణజాలంతో పూడ్చేయాలి. ఒకసారి పీచు పడ్డాక కణాలకు లోపలి కబుర్లు అందవు. తాగుడుకు చెడిన కాలేయంలో జరిగేది కూడా ఇదే. పెరిగే శక్తి ఉన్న అవయవమే పీచు చిక్కుల్లో పడి పెరగలేక చతికిలబడుతుంది. క్యాన్సర్‌కు అడ్డుకట్టగా కణ విభజన మీద ఉన్న కాపలా కూడా మన పునర్నిర్మాణాన్ని ఆపుతోందని చాలామంది శాస్త్రజ్ఞుల ఊహ.

కంటి నారుమడి

ఈ విద్యను మనిషికి పనికొచ్చేలా మలచిన పని ఒకటి హైదరాబాదులో జరిగింది. 1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి దాని వేదిక. ఆ పని అవసరమేమిటో తెలియాలంటే మళ్ళీ మన మెట్టకు రావాలి. జగ్గయ్యపేట ప్రాంతమంతా సున్నపురాయి నేల. సిమెంటు ఫ్యాక్టరీలు అక్కడ పెట్టింది అందుకే. ఆ రాయిని కాల్చి తీసే సున్నం గోడకూ కావాలి, తాంబూలానికీ కావాలి. అదే సున్నం కంట్లో పడితే చూపు పోతుంది.

కంటి నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఉంది, దాన్ని కార్నియా అంటారు. దాని పైపొర రోజూ అరిగి రాలిపోతుంటుంది. కొత్త కణాలొచ్చేది నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే సన్నటి అంచు నుంచి. ఆ అంచు ఒక నారుమడి. అక్కడ మూలకణాలు ఉంటాయి. అవి విభజన చెందుతూ, పిల్లకణాల్ని మధ్యకు పంపుతూ ఉంటాయి. సున్నం నారుమడిని కాల్చేస్తే మధ్యన పొలం ఖాళీ పడుతుంది. అప్పుడు తెల్లగుడ్డు మీది పొర, దానితోపాటు రక్తనాళాలు నల్లగుడ్డు మీదికి పాకి అద్దాన్ని మసకబరుస్తాయి. అలాంటి కంటికి మామూలు కార్నియా మార్పిడి చేసినా నిలవదు. పైరు పెట్టారు గాని నారుమడి లేదు.

2001 నుంచి అక్కడి వైద్యులు చేసిన పని ఇది. రెండో కన్ను బాగుంటే దాని అంచు నుంచి చిటికెడు ముక్క తీసి, ప్రయోగశాలలో మాయ పొర మీద రెండు వారాలు పెంచి, దెబ్బతిన్న కంటికి అంటించారు. ఆ మాయ పొర పురిటి తరవాత బయటపడే మాయ నుంచి తీసిందే. బిడ్డ పుట్టాక మనం పూడ్చేసేది ఇంకొకరి చూపుకు పరుపైంది. 2011లో 200 మంది ఫలితాలు ప్రకటించారు, 71 శాతం కళ్ళల్లో పొర నిలిచింది.

అయితే కణాల్ని పెంచే ప్రయోగశాల ఖరీదైన వ్యవహారం, ప్రతి ఊరి ఆసుపత్రికీ సాధ్యం కాదు. డాక్టర్ వీరేందర్ సంగ్వాన్, సయన్ బసు, శాస్త్రవేత్త డి. బాలసుబ్రమణియన్ తదితరులు 2012లో ఇంకో దారి చూపారు. నారు బయట పెంచడం మానేసి నేరుగా పొలంలోనే వెదజల్లితే ఏం? బాగున్న కంటి నుంచి 2 మిల్లీమీటర్ల ముక్క తీసి, ఎనిమిది పది చిన్న తునకలు చేసి, మాయ పొర పరిచిన కంటి మీద దూరం దూరంగా జిగురుతో అంటించారు. తునకల నుంచి కణాలు బయల్దేరి ఒకదాన్నొకటి కలుసుకున్నాయి. 2016లో 125 మంది ఫలితాలు అచ్చయ్యాయి: 76 శాతం సఫలం. ప్రయోగశాల అక్కర్లేదు, ఒక్కసారి ఆపరేషన్ చాలు. ఈ పద్ధతిని ఇప్పుడు ఎన్నో దేశాల్లో వాడుతున్నారు. షరతు పాతదే. ఒక కంట్లో అయినా ఆ అంచు మిగిలుండాలి. రెండూ పోతే బంధువుల దగ్గర తీసుకుని, శరీరం తిప్పికొట్టకుండా మందులు వాడుతూ ఉండాలి.

▣ సున్నం కంట్లో పడితే
*నలపకండి. ఆముదం, తల్లిపాలు, పసరు ఏదీ వేయకండి. రెప్పలు విప్పి పట్టి శుభ్రమైన నీటితో కనీసం అరగంట ధారగా కడగండి. రెప్ప కింద చిక్కిన సున్నపు ముద్దను తడి గుడ్డతో నెమ్మదిగా తీయండి. ఆ తరవాత కంటి ఆసుపత్రికి వెళ్ళండి. మొదటి నిమిషాల్లో నీళ్ళు పోయడమే అంచును కాపాడుతుంది. పిల్లలు ఆడుకునే చోట తాంబూలం సున్నం ప్యాకెట్లు ఉంచకండి.*

రాఘవాపురం వెంకయ్య

ఇక రెండో ప్రశ్న, మనిషి లోపల మారడం గురించి. నందిగామకు దగ్గర్లోనే రాఘవాపురం ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ ఊరి మాలపల్లెలో పగోలు వెంకయ్య అనే మనిషి ఉండేవాడు. యవ్వనంలో దోపిడీ ముఠాకు నాయకుడని మిషన్ చరిత్రలు రాశాయి. నడివయసులో విగ్రహాల మీద నమ్మకం పోయింది. ఎవరో తెలియని దేవుణ్ణి తనకు తెలిసిన మాటల్లో వెతుక్కున్నాడు. 1859లో బెజవాడలో చర్చి మిషనరీ సొసైటీకి చెందిన డార్లింగ్ అనే మిషనరీని కలిశాడు. అదే ఏడాది బాప్తిస్మం తీసుకున్నాడు. తరవాత ఊరూరూ తిరిగి చెప్పాడు. ఈ మెట్ట ప్రాంతపు క్రైస్తవ సంఘాల చరిత్ర ఆయన దగ్గరే మొదలవుతుంది.

ఇదే ఆ మతం చెప్పే తిరిగి జన్మించడం. ఇందులో శరీరం ఏమీ మారలేదు. పేరు కూడా మారలేదు, చివరిదాకా వెంకయ్యే. మారింది దిక్కు. సాలమాండర్ కాలు విజయం సాధించిందని ఎప్పుడంటాం? పోయిన కాలులాగే ఉన్నప్పుడు. వెంకయ్య విజయం సాధించాడని ఎప్పుడన్నారు? పాత వెంకయ్యలా లేనప్పుడు. ఒకటి పాతదానికి తిరిగి వెళ్ళడం, రెండోది పాతదాన్ని దాటి వెళ్ళడం. ఉపన్యాసకులు మోడు చిగురును చూపించినప్పుడు ఈ తేడా జారిపోతుంది.

ఉపనయనంతో రెండో పుట్టుక అనే సంప్రదాయంలోనూ ఒళ్ళు కొత్తది కాదు, బాధ్యత కొత్తది. జగ్గయ్యపేట ధనంబోడు మీద స్తూపం కట్టించుకున్న బౌద్ధులు ఇంకా వింతగా చెప్పారు. ఒక జన్మ నుంచి మరో జన్మకు పోయే ఆత్మ లేదు, కర్మ వరస మాత్రం సాగుతుందన్నారు. ఒంట్లో కణాలన్నీ మారుతూ ఆకారం మాత్రం నిలిచే తీరు చూస్తే ఆ మాట గుర్తొస్తుంది. గుర్తు రావడం వరకే. కణాల మార్పు పునర్జన్మకు రుజువు కాదు, దాన్ని కొట్టేయనూ లేదు. సూక్ష్మదర్శిని కింద ఆ ప్రశ్నకు చోటు లేదు.

గొంగళిపురుగు ఉపమానం వీటన్నిటికంటే నయం. గూటిలో దాని పాత ఒళ్ళు చాలావరకు కరిగిపోతుంది. పుట్టినప్పటి నుంచి లోపల పనిలేకుండా దాచిన కణాల గుంపుల నుంచి రెక్కలు, కాళ్ళు, కళ్ళు తయారవుతాయి. పాత ఆకారానికి తిరిగిపోదు. కానీ అది గాయానికి జవాబు కాదు, ప్రతి గొంగళిపురుగుకూ రాసిపెట్టి ఉన్నదే. వెంకయ్యకు రాసిపెట్టి లేదు. ఆయన ముఠా వాళ్ళందరికీ అలా జరగలేదు కదా.

కలిపితే నష్టం ఎవరికి

ఈ రెండర్థాల్నీ కలిపి వాడేవాళ్ళు ఉపన్యాస వేదికల మీదే ఉంటే పెద్ద బాధ లేదు. ఇప్పుడు ఆసుపత్రి బోర్డుల మీదికి వచ్చారు. అరిగిన మోకాలికి, షుగరుకు, పక్షవాతానికి, పిల్లల ఆటిజానికి, ముసలితనానికి కూడా మూలకణాల ఇంజెక్షన్ ఇస్తాం, నవజీవితం పొందండి అంటూ ప్రకటనలు వస్తున్నాయి. మాట గుడిది, మందు ప్రయోగశాలది, బిల్లు లక్షల్లో. విజ్ఞానం అరకొరగా చేతికి దొరికిన చోట ఆశ మొత్తం జేబు ఖాళీ చేయిస్తుంది.

పైన చూసిన సూత్రం ఇక్కడ గీటురాయి. ఎక్కడి కణాలు, ఏ నారుమడిలోంచి తీశారు, చేరవలసిన చోట వాటిని పోషించడానికి ఏం మిగిలింది? కంటి అంచుకు ఈ ప్రశ్నలన్నిటికీ జవాబులున్నాయి, వందలమంది రోగుల ఫలితాలు అచ్చులో ఉన్నాయి. మోకాల్లో గుచ్చే సూదికి అంతటి జవాబులు ఇంకా లేవు.

భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ శాఖ కలిసి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రక్త సంబంధమైన జబ్బులకు చేసే మూలకణాల మార్పిడి మాత్రమే ఒప్పుకున్న చికిత్స. మిగతావి అప్పటికి ప్రయోగ దశలో ఉన్నాయి. ప్రయోగమైతే సీటీఆర్ఐ అనే జాతీయ పట్టికలో నమోదై ఉండాలి, రోగి దగ్గర దానికి డబ్బు తీసుకోకూడదు. మీ ఇంట్లో ఎవరికైనా అలాంటి ఇంజెక్షన్ వేయిస్తామంటే ముందు ఆ నమోదు నంబరు అడగండి. నంబరు చెప్పలేకపోయినా, నంబరు చెప్పి డబ్బు అడిగినా, అక్కణ్ణించి లేచి వచ్చేయండి.